కత్తిరించిన రెండో లైను

ఫోన్ మోగినప్పుడు నేనూ మా ఆయనా దుప్పటి మడతపెడుతున్నాం. చెరో రెండు కొసలు పట్టుకుని దగ్గరికి రావడం, వేళ్లకు వేళ్లు తగలడం, మళ్లీ దూరం జరగడం. ఆరిన దుప్పటి మడతపెట్టడానికి ఇద్దరు మనుషులు కావాలని పెళ్లయిన ఈ రెండు నెలల్లోనే తెలిసింది నాకు. ఒక్క దుప్పటికి పది నిమిషాలు పట్టేలా మడతపెట్టవచ్చని కూడా.

"ముందు ఆ ఫోను చూడు. దుప్పటి ఎక్కడికీ పారిపోదు" అన్నాడు.

మా డైరెక్టర్ గారి మెయిల్. నిలబడే చదివాను. నా శిక్షణ పాఠం ఎంపికైందట. వచ్చే నెల సైన్స్ బోధకుల మహాసభలో మొదటి ప్రదర్శన నాదేనట. ఆ తర్వాత ఇరవై రెండు శిక్షణ కేంద్రాల్లోనూ అదే పాఠం చెబుతారట. ఈ నెలాఖరుతో ముగిసే నా ఉద్యోగ ఒప్పందాన్ని మరో మూడేళ్లు పొడిగించమని ఆయనే సిఫార్సు చేశారట. రేపు ఉదయం క్లాసుకు స్వయంగా వచ్చి, టీచర్లందరి ముందూ అభినందిస్తారట.

దుప్పటి కొసలు వదిలేశాను. పది నిమిషాల కష్టం నేలపాలైంది.

కొత్తగా ఈ కథలోకి అడుగుపెట్టిన వాళ్లకు రెండు ముక్కల్లో చెబుతాను. యూనివర్సిటీలో బడి టీచర్లకు సైన్స్ శిక్షణ ఇచ్చే విభాగంలో పనిచేస్తాను నేను. ఆరు, ఏడు, ఎనిమిది తరగతులకు సైన్స్ చెప్పే టీచర్లు మా దగ్గరికి వస్తారు. వాళ్లచేత ప్రయోగాలు చేయించి, వాటిని పిల్లలచేత ఎలా చేయించాలో చర్చించి పంపిస్తాం. పోయినేడాది మొదటి విడత నడిచింది. అప్పటికి మా ఆయన నాకు కళ్లద్దాల కొలతలు తీసే మనిషిగా మాత్రమే తెలుసు. అదే అరవై మందికి రేపటి నుంచి రెండో విడత. మా అత్తయ్యా ఎనిమిదో తరగతి దాకా సైన్స్ చెప్పే టీచరే. మొదటి విడత నాటి ముఖాల్లో ఆవిడ ముఖం నాకు గుర్తులేదు; ఆ అరవై మందిలో ఆవిడా ఉన్నారని పోయిన వారమే తెలిసింది. తెలిసిన రోజే, తన బదులు వేరేవాళ్లను పంపమని ఆవిడ హెడ్‌మిస్ట్రెస్‌కి చెప్పేశారనీ తెలిసింది. ఎందుకని అడిగితే "మోకాళ్లు" అన్నారు. ఆ మోకాళ్లతోనే రోజూ మూడంతస్తులు ఎక్కిదిగుతారు. కోడలి ముందు బెంచీ మీద కూర్చోవడం నామోషీ అనిపించిందేమోనని నేనే ఒక కారణం అల్లుకుని, లోలోపల కాస్త చిన్నబుచ్చుకుని, వారమంతా గడిపేశాను.

ఆ చిన్నబుచ్చుకోవడం కూడా మెయిల్ చూడగానే ఎగిరిపోయింది. హాల్లోకి పరిగెత్తాను.

మామయ్య బల్ల మీద గోడ గడియారం విప్పి పెట్టుకున్నారు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ రైలు గార్డు. విషయం వినగానే పక్కనున్న చేతిగుడ్డ తీసి పచ్చజెండాలా ఊపారు. "బండి కదిలిందోయ్! ఇంక ఎక్కడా ఆగదు."

బల్ల ఆ చివర అత్తయ్య పరీక్ష నోటుపుస్తకాలు దిద్దుతున్నారు. తలెత్తి నవ్వారు. "మంచిదమ్మా. కష్టపడ్డావు" అని మళ్లీ నోటుపుస్తకంలోకి వెళ్లిపోయారు.

"అలా వట్టి మాటలతో కాదు. మహాసభ కన్నా ముందు మా సభలో చూపించాలి" అన్నారు మామయ్య. గడియారం ముళ్లూ మరలూ ఒక పళ్లెంలోకి ఊడ్చేసి ల్యాప్‌టాప్‌కి చోటు చేశారు. మా ఆయన కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చున్నాడు. పెద్దవాళ్ల ముందు అతన్ని 'మీరు' అంటాను, గదిలో 'నువ్వు'. ఈ రోజు సంతోషంలో "నువ్వు కాస్త జరుగు" అనేశాను. మామయ్య విననట్టు గడియారం వైపు చూశారు. నాకు నవ్వాగలేదు.

ఒక్కో స్లైడూ చూపిస్తుంటే నా గొంతు నాకే ముద్దొచ్చింది. నాలుగో దానికి మామయ్య "శభాష్" అన్నారు. ఆరోదానికి మా ఆయన నా భుజం తట్టాడు.

ఏడోది తెరిచాను.

ఏడో స్లైడంటే మా సెంటర్లో అందరికీ ఇష్టం. శిక్షణకు ముందు టీచర్లకు ఒక చిన్న పరీక్ష పెడతాం. పేర్లుండవు, నంబర్లే. 'గ్లాసు నీళ్లలో ఐసుముక్క తేలుతోంది. అది కరిగితే నీటిమట్టం ఏమవుతుంది?' అన్నది ఒక ప్రశ్న. మారదు అన్నది జవాబు. ఒక జవాబు పత్రం ఫొటో ఏడో స్లైడ్ నిండా ఉంటుంది. గుండ్రటి చేతిరాతలో ఒకే ఒక్క లైను: "నీళ్లు పెరుగుతాయి. మా పిల్లలు కళ్లారా చూశారు."

పైన నేను పెట్టిన శీర్షిక: 'సైన్స్ టీచర్లు కళ్లారా చూసిన వింతలు'. పక్కనే పళ్లికిలిస్తున్న పసుపు రంగు బొమ్మ.

మామయ్య కుర్చీ కిర్రుమనేలా నవ్వారు. "కళ్లారా చూశారట! ఏ కళ్లతోనో!"

"మా షాపుకి పంపించాల్సింది" అన్నాడు మా ఆయన. "అద్దాలు మార్చేవాణ్ని."

నేనూ నవ్వాను. నా జోకుకు నేనే నవ్వడం ఎన్నోసారో లెక్కలేదు.

అత్తయ్య పెన్ను ఆగింది. కళ్లద్దాలు ముక్కు మీదికి జార్చి స్క్రీన్ వైపు చూశారు. ఎక్కువసేపేమీ కాదు. క్లాసులో వెనకబెంచీ పిల్ల రాసింది చూసినంతసేపు.

"దీని కింద ఇంకో లైను ఉండాలే?" అన్నారు.

ఆ మాటలో కోపం లేదు. ఉంటే ఎంత బాగుండేదో. నా నవ్వు మూతి మీదే ఎండిపోయింది. మామయ్య ఆవిడ ముందున్న నోటుపుస్తకంలోకి చూశారు. ఎర్ర పెన్నుతో ఆవిడ అప్పుడే రాసిన మాటలు అక్కడున్నాయి. అవే గుండ్రటి అక్షరాలు. 'ళ' చివర అదే పొడుగాటి వంపు. మా ఆయన స్క్రీన్‌నీ నోటుపుస్తకాన్నీ మార్చి మార్చి చూశాడు. నవ్విన ముగ్గురం ఒకళ్ల ముఖం ఒకళ్లం చూసుకోలేకపోయాం.

"అత్తయ్యా, ఇది... మీరు..."

"నలభై ఒకటో నంబరు" అన్నారు. "రెండో లైను రాశాను. చదివావా, చదవలేదా?"

నా జవాబు రెండు క్షణాల్లో వచ్చేసింది. అంత తొందరగా నా నోరు ఎప్పుడూ కదల్లేదు.

"చూడలేదు అత్తయ్యా. స్కాన్‌లో పైలైనే వచ్చినట్టుంది."

"సరే" అన్నారావిడ. నోటుపుస్తకాలు దొంతర పెట్టి, పెన్ను మూత బిగించి, వెనక వరండాలోకి వెళ్లిపోయారు.

నేను స్క్రీన్ వైపు చూశాను. ఫొటో అడుగు అంచున, నేను కత్తిరించిన చోట, నాలుగైదు తలకట్లు తొంగిచూస్తున్నాయి. మునిగిపోతున్న వాళ్ల చేతివేళ్లలా, కింది లైనులోని అక్షరాల తలకట్లు. ఏడాదిగా ఆ స్లైడ్ వేస్తున్నాను. ఎవరికీ కనపడలేదు. రాసినావిడకు కనపడకుండా ఎలా ఉంటాయి?

"స్లైడ్ తీసేయ్. గొడవ వదిలిపోతుంది" అన్నాడు మా ఆయన మెల్లగా.

"గొడవ స్లైడ్‌ది కాదురా" అన్నారు మామయ్య, గడియారం వైపే చూస్తూ.

అప్పుడే ఫోన్ మళ్లీ మోగింది. డైరెక్టర్ గారు.

"చూశావా అమ్మా మెయిలు? కమిటీ వాళ్లకి ఏది బాగా నచ్చిందో తెలుసా? ఆ ఐసుముక్క స్లైడు! పడీపడీ నవ్వారంట. శిక్షణ పుస్తకం అట్ట మీద అదే వేద్దామంటున్నారు. నువ్వు అన్నీ మార్చుకో, దాన్ని మాత్రం ముట్టుకోకు."

"సర్, అది..."

"ఏంటమ్మా?"

ఆ ఐసుముక్క ప్రశ్నకు జవాబు కీ తయారుచేసింది ఆయనే. నా మూడేళ్లు ఆయన సంతకం కిందే ఉన్నాయి.

"ఏం లేదు సర్. థాంక్యూ సర్."

ఫోన్ పెట్టేశాక మా ఆయన కళ్లు నావైపు ఉన్నాయని తెలుస్తూనే ఉంది. తలెత్తలేదు. ఇంట్లో ఒక అబద్ధం, ఫోన్లో ఒక థాంక్యూ. పావుగంట కాలేదు.

చదవలేదా నేను? శుభ్రంగా చదివాను. మొదటి విడతలో చివరి రోజుకు ముందటి సాయంత్రం, ఆఫీసులో ఒక్కదాన్నీ కూర్చుని అరవై పత్రాలు తిరగేస్తున్నాను. మర్నాటి ముగింపుకు ఒక నవ్వు కావాలి. మూడు రోజులుగా వింటున్న టీచర్లు కునికిపాట్లు పడకుండా ఉండాలంటే ఏదో ఒకటి పేలాలి. నలభై ఒకటి చేతికొచ్చింది. మొదటి లైను చదవగానే పక్కున నవ్వాను. రెండో లైను చదివాను. "అవి మా బడి పక్క ఉప్పుమడిలో నీళ్లు. మంచినీళ్లలోనైతే మట్టం మారదు."

ఒక్క క్షణం ఆగాను. ఉప్పు నీళ్లకూ దీనికీ సంబంధం ఉందా అని అనిపించిన మాట నిజం. అల్మరాలో ఉప్పు ఉంది. కింద క్యాంటీన్లో ఐసు ఉంది. అరగంట పని. పిల్లలకు సందేహం వస్తే చేసి చూడమని టీచర్లకు మూడు రోజులు పాఠం చెప్పినదాన్ని, నా సందేహం దగ్గరికొచ్చేసరికి ఆ అరగంట బరువైంది. రెండో లైను ఉంటే నవ్వు పండదు. మౌస్ పట్టుకుని కింది అంచును పైకి లాగాను. అంతే.

వరండాలో అత్తయ్య ఆరిన బట్టలు తీస్తున్నారు. క్లిప్పులు ఒక్కొక్కటీ డబ్బాలో వేస్తున్న చప్పుడు. నేను వెళ్లి తీగకు ఇవతలి పక్కన నిలబడ్డాను. మధ్యలో మామయ్య లుంగీ వేలాడుతోంది. ఆవిడ ముఖం కనపడలేదు. అది నాకు మేలే అయింది.

"చదివాను అత్తయ్యా" అన్నాను.

క్లిప్పుల చప్పుడు ఆగింది.

"రెండో లైను చదివాను. చదివే కత్తిరించాను. నవ్వు రాదని. ఇందాక అబద్ధం చెప్పాను. ఇప్పుడే డైరెక్టర్ గారు ఫోన్ చేస్తే ఆయనకూ చెప్పలేకపోయాను."

తర్వాత లుంగీ పక్కకు జరిగింది. ఆవిడ దాన్ని మడతపెట్టి భుజాన వేసుకున్నారు.

"చదవకపోయుంటే బాధపడేదాన్ని కాదు" అన్నారు. "మాదేం గొప్ప రాత, బళ్లో పిల్లలే చదవలేరు, నువ్వెలా చదువుతావులే అనుకునేదాన్ని."

"ఆ రోజు మీరు హాల్లోనే ఉన్నారా?"

"నాలుగో వరసలో. నా పక్కన, ఆ ఒక్క రోజు ముగింపు చూస్తానని నాతో వచ్చిన మా బడి లెక్కల మేడమ్. ఆవిడకి నా రాత తెలియదా? పదేళ్లుగా ఒకే అల్మరా వాడుకుంటున్నాం. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వకపోతే తెలిసిపోతుంది కదా."

ఆ మాటకు నా తల వాలిపోయింది. నా జోకు వెనక నవ్విన అరవై గొంతుల్లో ఒకటి ఇలా నవ్విందని నాకెప్పుడైనా తట్టిందా? ఆ రోజు ఇంటికి వెళ్తూ బస్సులో కూనిరాగం కూడా తీశాను.

"మర్నాడు స్టాఫ్‌రూమ్‌లో టీ పోస్తూ, మేడమ్ గారికి సగం కప్పే పొయ్యండి, అదే పెరుగుతుంది అన్నారు. సరదాకే అన్నార్లే. ఏడాదిగా రోజూ సరదాకే అంటున్నారు." ఆవిడ కొంచెం నవ్వారు. "పిల్లల దాకా పోయింది. ఒకపిల్ల అడిగింది, టీచర్, మనం చూసింది తప్పంట కదా అని. ఉప్పుమడి నుంచి బిందెతో నీళ్లు మోసుకొచ్చింది ఆ పిల్లే. గ్లాసులో ఐసు వేసి, అంచు దాకా నీళ్లు పోసి, కింద పొడి కాగితం పెట్టి, కాగితం తడిసిందని గంతులేసింది."

"మీరేం చెప్పారు?"

"పుస్తకంలో మారదని ఉంది, అదే రాయి అన్నాను." ఆవిడ ఇంకో క్లిప్పు తీసి డబ్బాలో వేశారు. "నువ్వు చేసింది ఒకటి. ఇది నేను చేసింది. ఆ రోజు నుంచి ప్రయోగాల సామాన్ల బీరువా తాళం తియ్యలేదమ్మాయ్. బోర్డు మీద బొమ్మ గీసేసి వస్తున్నా. ఇంకా నాలుగేళ్ల సర్వీసుంది."

మోకాళ్లు కావు, నామోషీ కాదు. రేపు ఆ హాల్లోకి అడుగుపెడితే ఏడో స్లైడ్ మళ్లీ వస్తుందని ఆవిడకు తెలుసు. నేనేమో కోడలి ముందు కూర్చోలేకపోతున్నారని జాలిపడ్డాను.

"మరి మొదటిసారి ఆయన నన్ను ఇంటికి తీసుకొచ్చిన రోజు..."

"గుమ్మంలోనే గుర్తుపట్టాను."

"ఒక్క మాటన్నా అనలేదే! వద్దని ఎందుకు చెప్పలేదు?"

"ఏమని చెప్పను? ఒరేయ్, ఈ అమ్మాయి నా మీద జోకేసింది, వద్దురా అనా?" ఆవిడ డబ్బా నా చేతిలో పెట్టారు. "నువ్వు ఆ రోజు మా ఇంట్లో ఫ్యానెందుకు చప్పుడు చేస్తోందని కుర్చీ ఎక్కి చూశావు. చూసే అలవాటున్న పిల్లే అనుకున్నాను. ఎప్పుడో ఒకప్పుడు ఆ కత్తిరించిన లైన్నీ చూస్తావులే అనుకున్నాను. ఏడాది పట్టింది."

నాకు ఏడుపొచ్చింది. ఏడిస్తే ఆవిడే ఓదార్చాల్సొస్తుందని ఆపుకున్నాను. నన్ను ఓదార్చే పని కూడా ఆవిడ మీద పెట్టడం ఇంకా సిగ్గు.

"క్షమించండి అత్తయ్యా."

"ఇంట్లో చెప్తే ఇంట్లో నవ్విన దానికే సరిపోతుంది. ఇంట్లో నవ్వింది మీ మామయ్య, వాడు. వాళ్ల సంగతి నేను చూసుకుంటాలే."

లోపల్నుంచి మామయ్య గొంతు వినపడింది. "ఇక్కడ ఒకడు ఇందాకటి నుంచి చెవులు పట్టుకుని కూర్చున్నాడు. రెండోవాడు నీ నోటుపుస్తకాలకు అట్టలేస్తున్నాడు."

"అట్టలు తిరగేసి వెయ్యొద్దని చెప్పండి!" అని కేకేశారు అత్తయ్య.

నేను అప్పటికే నిశ్చయించుకున్నాను. "రేపు హాల్లో అందరికీ చెప్తాను. ఆ పత్రం మీదేనని, మీరే కరెక్టని."

"వద్దు."

"ఎందుకు?"

"నువ్విప్పుడెవరు? నా కోడలివి. నువ్వు లేచి మా అత్తయ్యే కరెక్టంటే ఏమంటారు? పెళ్లయ్యాక సైన్స్ మారిపోయిందంటారు. ఇంకో ఏడాది టీ కప్పుకి సరిపడా సరదా."

అది నాకు తట్టనేలేదు. ఏడాది కిందట ఒక్క నిమిషంలో సరిదిద్దగలిగిన తప్పు ఇప్పుడు చుట్టరికంలో చిక్కుకుంది. నా నోటితో ఏం చెప్పినా ఆవిడకే చెడ్డ.

లుంగీ తీసేసిన తీగ ఇంకా ఊగుతోంది. దాన్నే చూస్తూ నిలబడ్డాను. చెబితే నమ్మరు. మరి టీచర్లకు నేను మూడు రోజులు నేర్పిందేమిటి?

"చెప్పను. చేయిస్తాను" అన్నాను.

ఆవిడ కళ్లద్దాల మీదుగా చూశారు.

"రేపు పదిన్నరకి అదే ప్రశ్న ఇస్తాను. ఈసారి ఒక్కొక్కళ్ల ముందూ రెండేసి గ్లాసులు. ఒకటి మంచినీళ్లు, ఒకటి ఉప్పుమడి నీళ్లు. ఐసు వేశాకే రెండూ అంచు దాకా నింపాలి. కింద కాగితాలు. ఏమవుతుందో ముందే రాసి, పేరు పెట్టి, మడిచి ఇవ్వాలి. ఐసు కరిగాక ఎవరి కాగితం వాళ్లే విప్పుకుని చదువుకోవాలి. అప్పుడు నలభై ఒకటో పత్రం రెండు లైన్లతో స్క్రీన్ మీద వేస్తాను. ఎవరు రాశారో చెప్పను. ఎవరు కత్తిరించారో చెప్తాను. చదివే కత్తిరించానని కూడా."

"మీ డైరెక్టర్ గారు వస్తారన్నావు?"

"ఆయన చేత కూడా రాయిస్తాను. అందరికన్నా ముందు. పేరు పెట్టి."

"కీ ఆయనదే కదా?"

"ఆయనదే."

"మూడేళ్ల కాగితం మీద సంతకం?"

"అదీ ఆయనదే."

మా ఆయన గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. చేతిలో తిరగబడ్డ అట్ట. అత్తయ్య అతని వైపు చూడలేదు. నా వైపే చూస్తున్నారు, పరీక్ష హాల్లో జవాబు చెరిపేస్తుందా ఉంచుతుందా అని చూసినట్టు. నేను మాట వెనక్కి తీసుకోలేదు.

"ఉప్పు నీళ్లలో ఎందుకు పెరుగుతుందో తెలుసా?" అని అడిగారు.

"ఉప్పు నీళ్లు బరువు. ఐసు తక్కువ మునుగుతుంది. అది నీళ్లలో చేసే గుంత చిన్నది. కరిగిన నీళ్లన్నీ ఆ గుంతలో పట్టవు, పైకి పొర్లుతాయి."

"తెలిసే కత్తిరించావన్నమాట."

"అప్పుడు తెలీదు. ఇప్పుడే, ఇక్కడ నిలబడి ఆలోచిస్తే తెలిసింది."

ఆవిడ తల పంకించారు. కొంగుకు చేతులు తుడుచుకుని, లోపలికి వెళ్లి ఫోన్ తీసుకున్నారు. గుమ్మం దగ్గర నిలబడి వింటున్నాను.

"మేడమ్ గారూ, నేనే. రేపటి శిక్షణకి నా బదులు ఎవర్నీ పంపొద్దు. ఆఁ, మోకాళ్లు బాగానే ఉన్నాయి. నేనే వెళ్తున్నా. లెక్కల మేడమ్‌ని కూడా ఒక గంట పంపండి, చూడాల్సింది ఉంది."

ఫోన్ పెట్టేసి నా వైపు తిరిగారు.

"అరవై మందికి నీళ్లు కావాలంటే నాలుగు క్యాన్లు పడతాయి. పొద్దున్న ఆరింటికే బయల్దేరాలి. ముందు ఉప్పుమళ్లకు వెళ్దాం, అట్నుంచి యూనివర్సిటీకి. గట్టు జారుతుంది, పాత చెప్పులేసుకో. నీళ్లు మాత్రం నువ్వే ముంచాలి."